నీరు తీసిన వేళ

"వికారంగా తియ్యి," అంది ఎదూలియా, పొయ్యిలోకి కట్టె తోస్తూ. "చూసినవాడు ఛీ అని మొహం తిప్పుకోవాలి. నేనడిగేది అంతే."

ముక్కాలి స్టాండు విప్పుతున్న రోసమెల్ ఆగి నవ్వాడు. పెళ్ళికూతుళ్ళూ, పసిపిల్లల తల్లులూ, కొత్తగా హోటలు తెరిచినవాళ్ళూ ఇన్నేళ్ళుగా అతన్ని అడిగింది ఒక్కటే, బాగా తియ్యమని. ముక్కు చిన్నదిగా రావాలి, పొట్ట కనపడకూడదు. బాగా తియ్యొద్దని అడిగిన మనిషి ఈవిడొక్కతే.

"వికారంగా తీస్తే ఇళ్ళు అమ్మిపెట్టే ఆ హిమేనా ఊరుకుంటుందా వదినా? నన్ను పంపించేసి ఇంకొకణ్ణి తెస్తుంది. వాడు నీ వంటింటిని పెళ్ళిపందిరి చేసి పెడతాడు."

"ఆవిడ సంగతి నువ్వు చూసుకో. బాప్తిస్మం నాడు నీ కూతుర్ని ఎత్తుకుని నిలబడింది నేను కాదూ? పాలు కక్కింది కూడా నా మీదే. ఆ మాత్రం చెయ్యవా?"

చిలోయే దీవిలో బాప్తిస్మం నాడు బిడ్డను ఎత్తుకున్న మనిషి చుట్టం కంటే ఎక్కువ. చుట్టం అడిగితే చూద్దాంలే అని తప్పించుకోవచ్చు. ఈవిడ దగ్గర ఆ ఆటలు సాగవు.

ఇల్లు ఎదూలియాది కాదు. కాస్త్రో ఊరి అంచున, సముద్రపు పాయలోకి దిగేసిన గుంజల మీద వరసగా నిలబడ్డ చెక్క ఇళ్ళలో అదొకటి. పెళ్ళయిన దగ్గర్నుంచీ మొగుడూ పెళ్ళాలిద్దరూ అందులోనే అద్దెకున్నారు. ఇంటి యజమాని పోయాక ఇల్లు ఒసోర్నోలో ఉండే కూతురి చేతికి వచ్చింది. ఆ అమ్మాయి మరీ రాక్షసేం కాదు. "సెప్టెంబరు జెండా పండగ లోపల అమ్ముడుపోతే సరే, పోకపోతే ఇంక ఆ మాటెత్తను, మీరే ఉండండి" అని ఫోన్లో చెప్పింది. అప్పుడే ఆగస్టు సగం దాటింది. ఎదూలియా ప్రాణమంతా ఆ ఒక్క మాట మీదే వేలాడుతోంది. ఆ వరసలో ఇప్పటికే చాలా ఇళ్ళు కాఫీ దుకాణాలైపోయాయి, బస గదులైపోయాయి. ఖాళీ చేసినవాళ్ళంతా గుట్ట మీది సర్కారు సిమెంటు ఇళ్ళకి వెళ్ళారు.

కింద నీళ్ళలో కర్ర తగిలిన చప్పుడైంది. పడవ గుంజకి కట్టేసి, వెనక వసారా నిచ్చెన మీంచి బెలార్మీనో పైకొచ్చాడు. బుట్టెడు గుల్లలు తెచ్చి పెళ్ళాం కాళ్ళ దగ్గర కుమ్మరించాడు. ఆయన మాటల మనిషి కాడు. రోసమెల్‌ని చూసి తల ఊపి, కెమెరాని చూసి, ఇంకోసారి తల ఊపి, బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు.

ఎదూలియా మాట్లాడుతూనే పనిలో పడింది. ఉడికిన గుల్ల నోరు తెరిస్తే బొటనవేలితో లోపలి మాంసం ఊడదీయడం, నారతో గుచ్చడం, గుచ్చినవాటిని దండ కట్టి పొయ్యి మీది దూలానికి వేలాడదీయడం. అక్కడ పొగకి అవి రోజుల తరబడి ఎండి, నల్లబడి, తోలులా గట్టిపడతాయి. ఆ దండలు సంతలో అమ్మితేనే ఆ ఇంట్లో రొట్టె. పడవ ఇంటికింద ఉంటేనే గుల్లలు. పొయ్యి ఉంటేనే పొగ. గుట్ట మీద పడవ ఉండదు, పొయ్యీ ఉండదు.

"వదినా, విను," అన్నాడు రోసమెల్. "వికారంగా తియ్యక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు తీస్తాను. అదే చాలు."

"అంటే?"

"హిమేనా ఫోటోలు చూశావుగా. గోడలు నారింజ రంగులో ఉంటాయి, సముద్రం సబ్బు నీలిరంగులో ఉంటుంది, గది చూస్తే ఫుట్‌బాల్ ఆడుకోవచ్చనిపిస్తుంది. జనం అది చూసే ఎగబడుతున్నారు. నేను ఆ వెడల్పు లెన్స్ తీసి పెట్టెలో పెట్టేస్తా. మన కన్ను చూసినంతే చూసే లెన్స్ పెడతా. మబ్బు పట్టిన రోజు, సముద్రం వెనక్కి వెళ్ళి నీరు తీసినప్పుడు తీస్తా. కిటికీలో బురద కనపడుతుంది. గోడకి మసి, దూలానికి గుల్లల దండలు, మూలల్లో చీకటి. శాంతియాగో నుంచి కొనడానికొచ్చేవాడికి ఇంకేం కావాలి పారిపోవడానికి?"

ఎదూలియా చేతిలో గుల్ల పట్టుకుని అతనికేసి చూసింది.

"అంటే నా ఇల్లు ఉన్నదున్నట్టు చూస్తే పారిపోయేలా ఉందన్నమాట."

"అది కాదు వదినా…"

"లేదులే, చెప్పావుగా. ఏమయ్యా బెలార్మీనో, విన్నావా? మీ రోసమెల్ మనింటిని చూసి జడుసుకుంటున్నాడట."

బెలార్మీనో మూతి బిగించి నవ్వు ఆపుకున్నాడు. ఆవిడే ముందు నవ్వేసింది, ఆ వెనక ముగ్గురూ. ఆ వంటింట్లో ఆ నెలంతా నవ్విన నవ్వు అదొక్కటే అనుకుంటాను.

మర్నాడు అతను కోరుకున్న రోజే వచ్చింది. వాన రాలేదు గానీ, ఆకాశం పాత అల్యూమినియం గిన్నెలా వేలాడుతోంది. పాయలో పాటు మొదలై నీరు దూరంగా వెళ్ళిపోయింది. గుంజల మొదళ్ళు పాచితో, నత్తలతో బయటపడ్డాయి. బురదలో రెండు పక్షులు ఏదో కెలుక్కుంటున్నాయి. రోసమెల్ పొయ్యి పక్క బెంచీ మీద తను కూర్చుంటే కళ్ళు ఎంత ఎత్తున ఉంటాయో అంతే ఎత్తుకి కెమెరా దించాడు.

"అదేంటి, నేల మీద కూర్చోబెడుతున్నావు దాన్ని?" అంది ఎదూలియా.

"ఇక్కడే కదా అందరూ కూర్చుని మాతే తాగేది. ఇక్కణ్ణుంచే చూస్తారు."

ఆ గదిలో కంటికి ఆనేదంతా కెమెరాకి ఒక్క దెబ్బలో చిక్కదు. గదికి సరిపెడితే కిటికీ సున్నం కొట్టినట్టు తెల్లగా పేలిపోతుంది. కిటికీకి సరిపెడితే గది బొగ్గైపోతుంది. అందుకని కెమెరా వీసమెత్తు కదలకుండా మూడు తీయాలి. చీకటికొకటి, వెలుగుకొకటి, రెంటికీ మధ్య ఒకటి. తరవాత మూడింటినీ కంప్యూటర్లో కలపాలి. ఆ మూడూ అయ్యేదాకా గదిలో ఏదీ కదలకూడదు.

"ఊపిరి తీసుకోవచ్చా?" అంది ఎదూలియా గోడకి ఆనుకుని.

"తీసుకో, కానీ చెయ్యి ఊపకు. ఊపితే చెయ్యి రెండుగా వస్తుంది, దయ్యంలాగ."

"పోనీ దయ్యాన్నే ఉంచు. అప్పుడసలెవడూ కొనడు."

*

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రోసమెల్ ఆ పని ముందేసుకున్నాడు. కంప్యూటరు మూడింటినీ తనంతట తాను కలిపి ఒక బొమ్మ ఇచ్చింది. చూడగానే అతని మొహం మాడింది. గదంతా బూడిద కలిపిన పాలలా చప్పగా ఉంది. ఎక్కడా నీడ లేదు. కిటికీ చట్రం చుట్టూ తెల్లటి అంచు, బొమ్మ కత్తిరించి అతికించినట్టు. పొయ్యి మీది కెటిల్ ఆవిరి మూడు తీసేలోపల మూడు దారులు పట్టింది కాబట్టి ఇప్పుడు అక్కడ ఏదో కుళ్ళిన దూది ముద్ద వేలాడుతోంది. గాలికి ఊగిన గుల్లల దండలు రెండేసిగా కనపడుతున్నాయి.

వికారంగా ఉంది. అచ్చం వదిన అడిగినట్టే ఉంది.

అప్పుడే దాన్ని పంపేసి ఉంటే ఏ గొడవా లేదు. హిమేనా ఓసారి తిట్టేది, ఎలాగో తన అమ్మకాల సైటులో పెట్టేది. వెధవ ఫోటో చూసి జనం పక్క ఇంటికి పోయేవాళ్ళు. రోసమెల్‌కి ఆ సంగతి తెలుసు. పంపడానికి చెయ్యి కూడా వెళ్ళింది. కానీ ఆ తెల్లటి అంచు కంట్లో నలుసులా పొడుస్తోంది. "కిటికీ ఇలా ఉండదు," అనుకున్నాడు. ఆ ఒక్క అంచూ సరిచేసి పంపిద్దామనుకున్నాడు.

అంచు చెరిపాడు. చెరిపాక ఆవిరి ఇంకా రోతగా కనపడింది. మధ్యలో తీసిన ఫోటోలోంచి ఆవిరి ఒక్కటీ తెచ్చి అక్కడ పెట్టాడు, మిగతా రెంటినీ తుడిచేశాడు. ఆవిరి ఇప్పుడు కెటిల్ మూతి నుంచి లేచి దండల మధ్యకి వెళ్ళి కలిసిపోయింది. దండలు కూడా అలాగే ఒక్కొక్కటీ సరిచేశాడు. మూలల్లో కంప్యూటరు తవ్వి పైకి తెచ్చిన వెలుగుని మళ్ళీ కిందికి నెట్టాడు. ఆ మూల చీకటిగానే ఉంటుంది, వదిన బంగాళాదుంపల గోతం పెట్టుకునేది అక్కడే. కిటికీని మాత్రం కొంచెం ఎక్కువ తెల్లగా వదిలేశాడు. గదిలోంచి బయటికి చూస్తే కళ్ళు అలాగే కదా చెదురుతాయి. బురదకి దాని రంగు దానికిచ్చాడు. నల్లగోడ మీద పొయ్యి దగ్గర్నుంచి పైకి పోయేకొద్దీ మసి ఎలా పలచబడుతుందో అలాగే వచ్చేదాకా ఊరుకోలేదు.

ఆ పనిలో పడితే అతనికి వేళ తెలియదు. పెళ్ళాం లుస్మీరా టీకి పిలిచింది, మళ్ళీ పిలిచింది, చివరికి తనే కప్పు పట్టుకుని వచ్చి భుజం మీంచి చూసింది.

"ఎదూలియా వంటిల్లు కదూ! అమ్మో, పొగ వాసన కొడుతోందే."

"ఎలా ఉంది?"

"ఎలా ఉండడమేంటి, ఆ ఇంట్లో కూర్చున్నట్టుంది." ఇంకాసేపు చూసింది. "ఆ బురదా, మసీ అవన్నీ అలాగే ఉంచావే. ఇలా అయితే ఎవరు కొంటారు?"

"అందుకే కదా."

"నా దగ్గర డబ్బుంటే నేనే కొందును," అంది లుస్మీరా, కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోతూ.

రోసమెల్ టీ తాగాడు. ఆ మాట చెవిన పడింది. అర్థం కూడా అయింది. కంప్యూటరు ఇచ్చిన ఆ మొదటి బూడిద బొమ్మ ఇంకా అక్కడే ఉంది. దాన్ని ఒకసారి తెరిచి పక్కన పెట్టుకుని చూశాడు. అది ఎవరిల్లో అనిపించింది. రెండోది వదిన ఇల్లు. వదిన ఇంటిని దాని మొహంతో కాకుండా ఇంకో మొహంతో లోకానికి చూపించడం తన వల్ల కాదనుకున్నాడు. ఈ మాట తనకి తాను చెప్పుకున్నదే. లోపల ఉన్నది మాత్రం, ఇంత బాగా కుదిరిన పని ఎవరికీ చూపించకుండా ఎలా ఉండడం అన్న కక్కుర్తి. అది కూడా తెలుసు అతనికి. తెలిసే పంపాడు.

*

హిమేనా ఫోన్ చేసి అరిచింది.

"ఇదేంటి రోసమెల్? చావింటిలా ఉంది! సముద్రం ఏది? బురద అమ్ముదామా? ఇంకాస్త రంగు వెయ్యి, ఆ తీగలకి వేలాడే పురుగుల్ని తీసెయ్యి!"

"గుల్లలండీ అవి."

"ఏవైతేనేం! ఆ పెద్ద లెన్స్ ఏమైంది?"

"ఆ గదిలో పట్టదండీ," అని అబద్ధమాడాడు రోసమెల్. పట్టకపోవడమన్నది ఆ లెన్స్‌కి లేనే లేదు.

తిట్టిపోసింది గానీ, ఒసోర్నో అమ్మాయి త్వరగా పెట్టండని వెంటపడుతోంది కాబట్టి మళ్ళీ తీయించే ఓపిక లేక అదే పెట్టేసింది. ఒకవైపు నారింజ గోడలూ, ఇంకోవైపు నీలి సముద్రాలూ, మధ్యలో ఎదూలియా వంటిల్లు తద్దినానికొచ్చిన మనిషిలా నల్లగా కూర్చుంది. రోసమెల్ దాన్ని ఫోన్లో తెచ్చి ఎదూలియాకి చూపించాడు. ఆమె చెయ్యి తుడుచుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదుగో, నా గిన్నె," అంది. "ఇదుగో, బెలార్మీనో బూటు. మూల గోతం కూడా పడిందే." తెరని వేలితో తడిమింది. "ఇలా ఉంటుందా మనిల్లు?"

"ఇలాగే ఉంటుంది వదినా."

"నాకు ఇంకొక కాగితం మీద వేసి ఇవ్వు. పుంతా అరేనాస్‌లో ఓర్తెన్సియాకి పంపిస్తాను. మా అక్క ఎప్పుడు ఫోన్ చేసినా ఇల్లు చూపించమంటుంది."

రోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. పక్క ఇల్లు చూడడానికి కార్లు వచ్చాయి గానీ, ఈ ఇంటి ముందు ఆగలేదు. కుర్రాళ్ళు గుట్ట మీద గాలిపటాలెగరేయడం మొదలుపెట్టారు, దుకాణాల్లో చిన్నచిన్న జెండాల తోరణాలు వేలాడాయి. ఎదూలియా సంతలో రోసమెల్ కనపడితే కన్ను గీటేది. ఒకరోజు అతని సంచిలో పొగ దండ ఒకటి పడేసి, "ఇది నీ ఫీజు," అంది. బెలార్మీనో పడవకి తారు పూశాడు. నీళ్ళలో ఉండబోయే పడవకే ఎవరైనా తారు పూసేది.

పండగ ఇంకో వారముందనగా హిమేనా మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో తేనె కారుతోంది.

"రోసమెల్, రేపు పదింటికి అక్కడికి రా. శాంతియాగో నుంచి కొన్స్తాన్సా అని ఒకావిడ వస్తోంది. ఫోటో తీసినవాణ్ణి చూడాలంటోంది."

"నన్నా? ఎందుకు?"

"నాకేం తెలుసు? రా."

రోసమెల్ వెళ్ళేసరికి ఆ ఆడమనిషి వంటింటి మధ్య నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. రంగు వేయని జుట్టు, పాత ఉన్ని కోటు. బయట మబ్బు పట్టింది, పాటు పెట్టి నీరు తీసింది. హిమేనా గుమ్మం దగ్గర నిలబడి ఆ బురదకేసి చూస్తూ ఏడుపు మొహం పెట్టింది. కొన్స్తాన్సా ఫోన్ చేతిలో పట్టుకుని ఫోటోనీ, గదినీ మార్చి మార్చి చూస్తోంది. అడుగు వెనక్కి వేసింది, పక్కకి జరిగింది, చివరికి పొయ్యి పక్క బెంచీ మీద కూర్చుంది.

"ఇక్కడ్నుంచి," అంది. "ఇక్కడ కూర్చుని తీశారు కదూ?"

"అవునండీ," అన్నాడు రోసమెల్.

"అదే. ఇక్కడ కూర్చుంటే అంతా అంతే ఉంది." తలెత్తి చూసింది. ఆ కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. "మీకు తెలీదు, ఈ ఏడాదంతా ఎన్ని ఇళ్ళు చూశామో. ఫోటోలో రాజభవనం, తలుపు తీస్తే అగ్గిపెట్టె. నీలి సముద్రం అంటారు, వచ్చి చూస్తే బూడిద రంగు. ప్రతివాడూ మోసమే. మావారు ఇంక చాలన్నారు. అప్పుడు ఇది కనపడింది. ఇంత చీకటిని కూడా దాచకుండా పెట్టారంటే వీళ్ళు అబద్ధమాడరు అనిపించింది."

పొయ్యి మీద కెటిల్ కూత పెట్టింది.

చిలోయేలో వంటింట్లో అడుగుపెట్టిన మనిషికి ఏదైనా పెట్టకుండా పంపకూడదు. ఇల్లు లాక్కోవడానికి వచ్చినా సరే. ఎదూలియా పళ్ళెంలో వేడి బంగాళాదుంప రొట్టె పెట్టి ఆమె ఒళ్ళో పెట్టింది. కొన్స్తాన్సా తింటూ నల్లగోడని చూసింది, కిటికీలో బురదలో తిరిగే పక్షుల్ని చూసింది, పైన వేలాడే దండల్ని చూసింది.

"ఈ గోడకి రంగు వేయించం," అంది. "ఈ మసి ఎన్నేళ్ళదో! పొయ్యి కూడా ఇంటితోపాటే కదా? బాగుంది. ఈ దండలు కూడా తీయకండి, అలాగే ఉంచెయ్యండి."

"అవి తినేవండీ," అంది ఎదూలియా.

"అవును, అవును. కానీ చూడ్డానికి ఎంత బాగున్నాయో!"

వెళ్ళేముందు ఆమె రోసమెల్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "ఇక్కడికి వచ్చే అతిథుల కోసం మళ్ళీ ఫోటోలు తీయాలి. ఇలాగే. మీరు తప్ప ఇంకెవరూ వద్దు," అంది. హిమేనా అతని వీపు తట్టింది. ఇన్నేళ్ళలో ఎవరూ అతని పనిని అంత అర్థం చేసుకుని మెచ్చుకోలేదు. ఆ మెప్పు లోపల ఎక్కడో తియ్యగా తగిలింది కూడా. అలా తగిలినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కార్లు వెళ్ళిపోయాక ముగ్గురూ మిగిలారు. బెలార్మీనో కిటికీ దగ్గరికి వెళ్ళి, బురదలో పక్కకి ఒరిగి ఉన్న తన పడవని చూస్తూ నిలబడ్డాడు. తారు ఇంకా మెరుస్తోంది. రోసమెల్ నోరు తెరిచాడు. ఆ బూడిద బొమ్మ సంగతి చెప్పేద్దామనుకున్నాడు. నువ్వడిగింది నా చేతిలోనే ఉంది వదినా, పంపలేదు.

"నిన్నేమీ అనడం లేదులే," అంది ఎదూలియా, అతను ఏమీ అనకముందే. పళ్ళెం కడుగుతోంది. "నువ్వేం అబద్ధం పెట్టలేదు. ఇల్లు అంత బాగుంటుందని నాకే తెలీదు, ఆ ఫోటో చూసేదాకా."

ఇంక అతను చెప్పలేకపోయాడు. తిట్టి ఉంటే చెప్పేవాడే.

*

పండగ అయిన మూడో రోజున సామాను కదిలింది. అప్పటికింకా జెండాలు తీయలేదు. అరువు తెచ్చిన చిన్న ట్రక్కులో మంచం, బల్ల, గిన్నెల పెట్టె, గోతం, వలలు ఎక్కించారు. వరసలో మిగిలిన ఇరుగుపొరుగు వచ్చి తలో చెయ్యి వేశారు. రోసమెల్ బట్టల పెట్టె మోశాడు.

బెలార్మీనో ట్రక్కు తాళ్ళు బిగించి, ఖాళీ ఇంటికేసి తిరిగి నిలబడ్డాడు.

"మా తాత ఇంకో ఊరు మారినప్పుడు," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా, "ఇల్లు కూడా వెంట వెళ్ళింది. ఊరంతా వచ్చి, ఎద్దుల్ని కట్టి, కిటికీలతో సహా ఇంటిని ఇంటిలాగే లాక్కెళ్ళారు. పొలాల మీంచి, నీళ్ళ మీంచి. నేను చూశాను. ఇప్పుడు మనుషుల్ని లాగుతున్నారు, ఇల్లు అక్కడే ఉంటోంది." ఆయన నోటి నుంచి ఒక్కసారిగా అన్ని మాటలు రావడం రోసమెల్ ఎప్పుడూ వినలేదు. తరవాత కూడా వినలేదు.

పడవని అవతలి ఒడ్డున బంధువుల పాక దగ్గర పెట్టారు. బస్సెక్కి వెళ్ళాలి దాని దగ్గరికి. పొయ్యి ఇంటిదే కాబట్టి ఇంటికే వదిలారు. దండలు మాత్రం ఎదూలియా ఒక్కొక్కటీ విప్పి మూటగట్టి తెచ్చుకుంది. ఒక్కటి, అన్నిటికంటే పాతది, ఎలక కొరికినది, దూలానికే వదిలేసి వచ్చింది. "చూడ్డానికి బాగుంటుందిగా," అంది.

గుట్ట మీది సిమెంటు ఇంట్లోకి ఆ శనివారం రోసమెల్ వెళ్ళాడు. ఎదూలియా ఫోన్ చేసి రమ్మంది, కెమెరా తెమ్మంది. ఒకే గది, దానికి తగిలించిన వంట మూల. పొగగొట్టం పెట్టకూడదని కాయితం మీద సంతకం చేయించుకున్నారట. పొయ్యి ఉండాల్సిన చోట గ్యాసు స్టవ్ ఉంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, గోడకి ఆనించిన గ్యాసు సిలిండరు. బెలార్మీనో మంచం మీద కూర్చుని బూట్లకేసి చూస్తున్నాడు. తడి లేని బూట్లు.

"ఓర్తెన్సియా ప్రాణం తీస్తోంది," అంది ఎదూలియా. "కొత్త ఇల్లు చూపించు, కొత్త ఇల్లు చూపించు అని. సర్కారు ఇల్లు వచ్చిందటగా, ఇంక నీకేం అంటోంది. ఒక్కటి తీసి పంపించు."

"అలాగే వదినా." రోసమెల్ సంచిలోంచి తన లెన్స్ తీశాడు, కన్ను చూసినంతే చూసేది.

ఎదూలియా దానికేసి చూసింది. అతని చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"అది కాదు. ఆ పెద్దది తెచ్చావా?"

"వెడల్పుదా?"

"అదే. గదిలో ఫుట్‌బాల్ ఆడుకోవచ్చనిపిస్తుందన్నావే, అది." గొంతు మామూలుగానే ఉంది. సంతలో దండ బేరం చెప్పినట్టు చెప్పింది. "ఆకాశం నీలంగా రావాలి. ఆ గోడా, ఆ సిలిండరూ కనపడకూడదు. గోడలకి ఆ నారింజ రంగు కూడా వెయ్యి. ఉన్నది ఉన్నట్టు తియ్యకు రోసమెలూ. ఈసారికి వద్దు."

పెట్టె అడుగున ఉన్న పెద్ద లెన్స్ తీసి బిగించాడు. వీపు తలుపుకి ఆనేదాకా వెనక్కి జరిగి స్టాండు నిలబెట్టాడు. ఆ కంటిలోంచి చూస్తే గది నిజంగానే హాలంత అయింది. బెలార్మీనో మంచం చివర ఎక్కడో దూరంగా, చిన్నగా కూర్చున్నాడు.

ఎదూలియా నడుముకి కట్టుకున్న పాత వంట గుడ్డ విప్పి తలుపు వెనక వేసింది. జుట్టు సర్దుకుంది.

"నేను కూడా ఉంటాను. లేకపోతే ఎవరిల్లో అంటుంది అక్క."

"అంచున నిలబడకు వదినా. ఈ లెన్స్‌లో అంచున ఉన్నవాళ్ళు సాగిపోతారు. మధ్యకి రా."

ఆమె గది మధ్యకి వచ్చి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఒక చెయ్యి అలవాటుగా పక్కకి, పొయ్యి అంచు ఉండేంత ఎత్తుకి, వెళ్ళింది. అక్కడ ఏమీ తగల్లేదు. వెనక్కి తీసుకుంది. మళ్ళీ వెళ్ళింది.

"కదలకు వదినా," అన్నాడు రోసమెల్. "మూడు తియ్యాలి."